చూపించడం వేరు, ఇచ్చేయడం వేరు: గుర్తింపు అడిగినప్పుడు ఏం చేయాలి?

కౌంటరు అవతల కూర్చున్న మనిషి తలెత్తకుండానే "ఐడీ జిరాక్స్ ఇవ్వండి" అంటాడు. మనం ఇచ్చేస్తాం. వెనకాల క్యూ ఉంటుంది, మన పనీ తొందరగా అయిపోవాలని ఉంటుంది. ఎందుకు, ఏం చేస్తారు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అని అడగాలన్న ఆలోచనే రాదు. నేనూ అలాగే ఇచ్చేదాన్ని. ఒకసారి ఒక ఆఫీసులో నా దరఖాస్తు నంబరు చిత్తుకాగితం మీద రాసిచ్చారు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే వెనక వైపు ఎవరిదో గుర్తింపు కార్డు. ఫోటో, పుట్టినతేదీ, ఇంటి అడ్రసు, కింద సంతకం. ఆయనెవరో నాకు తెలీదు. నా కార్డు ఎవరి జేబులో తిరుగుతోందో అన్న టెన్షన్ మాత్రం ఆ రోజే పట్టుకుంది.

ప్రభుత్వానికి ఏమీ చెప్పకండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. పెన్షన్ అసలు మనిషికే చేరాలన్నా, ఒకరి ఓటు ఇంకొకరు వేయకుండా ఉండాలన్నా మనిషిని గుర్తుపట్టక తప్పదు. పిల్లవాడు తప్పిపోతే పోలీసులు కెమెరాలు వెతకాల్సిందే. నా పట్టుదలల్లా ఒక్కటే: చూపించడం వేరు, ఇచ్చేయడం వేరు. చూపించింది ఆ క్షణంతో అయిపోతుంది. ఇచ్చింది మనం మర్చిపోయాక కూడా ఎక్కడో ఒక ఫైల్లో ఉండిపోతుంది. వీలైనన్ని చోట్ల రెండోదాన్ని మొదటిదానిగా ఎలా మార్చుకోవాలో వరసగా చెప్తాను.

1. అడుగుతున్నది ఏమిటో విడదీయండి

గుర్తింపు అడిగే ప్రతి చోటా మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి ఉంటుంది. నువ్వెవరు? ఫలానా అంటున్నావు, నిజంగా ఆ మనిషివేనా? ఈ పనికి నీకు అర్హత ఉందా?

రోజువారీ పనుల్లో చాలాసార్లు కావలసింది మూడోదే. పద్దెనిమిదేళ్లు నిండాయా, లైసెన్సు చెల్లుతోందా, అంతే. దానికి జవాబుగా మనం పేరు, పుట్టినతేదీ, అడ్రసు, నంబరు అన్నీ ఉన్న కార్డు తీసి బల్లమీద పెడతాం. అగ్గిపుల్ల అడిగితే వంటిల్లు అప్పజెప్పినట్టు. కాబట్టి పర్సు తీసేముందు ఒక్క క్షణం ఆగి, వీళ్లకు కావలసింది ఏమిటి అనుకోండి. మీ దగ్గరున్న కార్డుల్లో ఆ ఒక్క ప్రశ్నకు జవాబిచ్చి, తక్కినవి తక్కువ చెప్పేది ఏదో అది తీయండి. వయసు చూపించడానికి అడ్రసు ఉన్న కార్డు అక్కర్లేదు.

ఫోన్లో ఉండే డ్రైవింగ్ లైసెన్సుల కోసం 2021లో వచ్చిన ఐఎస్‌ఓ 18013-5 అనే ప్రమాణం ఈ ఆలోచన మీదే నడుస్తుంది. పుట్టినతేదీ బయటపెట్టకుండా "వయసు దాటింది" అన్న ఒక్క ముక్కే చూపించే వీలు అందులో ఉంది. గుర్తింపు కార్డులు ఫోన్లో పెట్టుకునే డిజిటల్ వాలెట్ కోసం యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన చట్టంలోనూ, అవసరమైన వివరం మాత్రమే ఎంచి చూపించే ఏర్పాటు ఉంది. మీరుండే చోట ఇలాంటిది వచ్చి ఉంటే ముందు దాన్నే వాడండి.

మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ ఉన్న తేడా కెమెరాల దగ్గర బాగా తెలుస్తుంది. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర మిషన్ మీ ముఖాన్ని మీ పాస్‌పోర్టులోని ఫోటోతో పోలుస్తుంది. ఒకరితో ఒకరిని, అంటే రెండో ప్రశ్న. ముఖ గుర్తింపు పెట్టిన వీధి కెమెరా అలా కాదు, మొదటి ప్రశ్న వేసి, దారిన పోయే ప్రతి ముఖాన్నీ ఒక పెద్ద జాబితాలో వెతుకుతుంది. జాబితా పెరిగేకొద్దీ పోలిక పొరపాటు పడే అవకాశమూ పెరుగుతుంది. 2020 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు ఒక దొంగతనం కేసులో ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ చూపించిన తప్పు పోలికను పట్టుకుని ఒక వ్యక్తిని ఇంటి ముందే, పెళ్లాం పిల్లలు చూస్తుండగా అరెస్టు చేశారు. ఆ దొంగతనంతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. అందుకే "ముఖ గుర్తింపు మంచిదా చెడ్డదా" అన్న వాదనలో నేను దిగను. ఒకరితో పోలుస్తున్నారా, ఊరందరితో పోలుస్తున్నారా అని మాత్రం అడుగుతాను.

2. ఐదు ప్రశ్నలు నోటికి తెచ్చుకోండి

అడుగుతున్నది ఎవరు? ఏ చట్టం ప్రకారం? తప్పనిసరా, ఐచ్ఛికమా? కాపీ ఉంచుకుంటారా? ఉంచుకుంటే ఎన్నాళ్లు, ఇంకెవరికి ఇస్తారు?

అన్నీ ఒక్కసారే గుక్కతిప్పుకోకుండా అడిగితే ఎదుటివాడికి కోర్టు బోనులో నిలబడ్డట్టుంటుంది. కౌంటర్లో కూర్చున్న మనిషి ఆ రూలు పెట్టినవాడు కాదు. "ఇది తప్పనిసరా అండీ, ఇంకేదైనా చూపించొచ్చా?" అని మామూలుగా అడగండి. నా అనుభవంలో సగం సార్లు ఈ ఒక్క ప్రశ్నతోనే జిరాక్స్ అక్కర్లేదని తేలిపోతుంది. "చూసి రాసుకుంటే సరిపోతుందా?" అన్నదీ బాగా పనిచేసే మాట. తప్పనిసరే అంటే, "ఆ రూలు ఎక్కడుందో చెప్తారా, నేను చదువుకుంటాను" అనండి. నిజమైన రూలుంటే చూపిస్తారు. లేకపోతే, "ఎప్పుడూ ఇలాగే తీసుకుంటున్నాం" అంటారు. ఆ జవాబు వినపడితే ఆ పైవాళ్లతో మాట్లాడాలని అర్థం.

ఈ ప్రశ్నలు నేను కల్పించినవి కావు. పెద్ద కోర్టులు వేసుకునేవీ దాదాపు ఇవే. 2017 ఆగస్టు 24న భారత సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ హక్కులో ప్రభుత్వం చెయ్యి పెట్టాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, తీసుకునే చర్య ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి అని చెప్పింది. జర్మనీ రాజ్యాంగ కోర్టు 1983లోనే జనాభా లెక్కల చట్టం మీద ఇచ్చిన తీర్పులో, తన వివరాలు ఎవరికి ఎంతవరకు తెలియాలో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనంది. 2019లో జమైకా సుప్రీంకోర్టు అక్కడి జాతీయ గుర్తింపు చట్టాన్ని మొత్తంగా కొట్టేసింది. అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. 2018లో ఆధార్ మీద ఇచ్చిన తీర్పులో భారత సుప్రీంకోర్టు ప్రభుత్వ సబ్సిడీలకు దాన్ని నిలబెట్టి, ప్రైవేటు కంపెనీలు అడగడానికి దారిచ్చిన భాగాన్ని మాత్రం తీసేసింది. "ఎవరు అడుగుతున్నారు" అన్నది ఎంత ముఖ్యమో ఆ ఒక్క తీర్పుతోనే తెలుస్తుంది.

చట్టం నిజంగానే తప్పనిసరి చేసిన చోట ఇచ్చేయండి. గొడవపడొద్దు, తప్పుడు వివరాలు అసలే ఇవ్వొద్దు. తప్పు పేరు చెప్పగానే అప్పటిదాకా మీ వైపున్న న్యాయం అవతలి వైపుకు వెళ్లిపోతుంది. దారిలో పోలీసులు ఆపినప్పుడూ అంతే. ఎందుకు ఆపారో మర్యాదగా అడగండి, ఆపిన అధికారి పేరు గుర్తుపెట్టుకోండి, ఏదైనా తీసుకుంటే రసీదు అడగండి. కార్డు వెంట ఉంచుకోవాలన్న రూలు కొన్ని దేశాల్లో ఉంది, కొన్నిట్లో లేదు. మీరుండే చోట ఏముందో తీరిగ్గా ఉన్నప్పుడే తెలుసుకోండి. రోడ్డు మీద నిలబడి చట్టం నేర్చుకోవడం కుదరదు.

ఐదో ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. "మంచి ప్రభుత్వమే కదా, ఉంచుకుంటే ఏం?" అని చాలామంది అంటారు. నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టర్లు పాలన సులువుగా సాగడానికి పెట్టినవే. అందులో మతం కూడా ఒక గడి. 1940లో నాజీలు దేశాన్ని ఆక్రమించాక, యూదులెవరో వెతుక్కోవడానికి ఆ గడి బాగా పనికొచ్చింది. 1943 మార్చి 27 రాత్రి కొందరు డచ్ ప్రతిఘటన యోధులు పోలీసు దుస్తుల్లో ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ ఆఫీసులో చొరబడి నిప్పుపెట్టారు. కార్డుల్లో కొద్ది భాగమే కాలింది. వాళ్లలో చాలామంది పట్టుబడి కాల్చివేతకు గురయ్యారు. ఆ దేశంలోని యూదుల్లో నాలుగింట మూడొంతుల మంది యుద్ధం ముగిసేసరికి బతికి లేరు. 2021లో అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైన్యం వాడిన బయోమెట్రిక్ పరికరాలు కొన్ని తాలిబాన్ చేతికి చిక్కాయని వార్తలొచ్చాయి. రాసుకున్న చెయ్యీ చదివే చెయ్యీ ఒకటే ఉంటుందని పూచీ ఏమీ లేదు. ఫారంలో మతం, కులం, జాతి, ఆరోగ్యం లాంటి గడి కనిపిస్తే, తప్పనిసరి కాదంటే, ఖాళీగా వదిలేయండి.

3. జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే, ఆ జిరాక్స్‌ను పనికి కట్టేయండి

కాపీ మీద అడ్డంగా, ఫోటో మీదుగా, పెన్నుతో మూడు సంగతులు రాయండి: ఎవరికి ఇస్తున్నారు, ఏ పనికి, ఏ తేదీన. ఖాళీ మార్జిన్‌లో రాస్తే కత్తిరించేస్తారు, అందుకే అక్షరాల మీదుగా రాయమంటున్నాను. పేరు, ముఖం కనపడితే చాలు. పనికి అక్కర్లేని నంబరును నల్లగా కొట్టేయండి. నెదర్లాండ్స్ ప్రభుత్వం ఇందుకోసమే కోపీఐడీ అనే యాప్ ఇచ్చింది, అందులో ఫోటో తీసి నంబరు కొట్టేసి, ఎందుకిస్తున్నారో పైన ముద్ర వేసుకోవచ్చు. ఆధార్‌లో అయితే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ కాపీ దొరుకుతుంది. అసలు నంబరుకు బదులుగా ఇచ్చే 16 అంకెల వర్చువల్ ఐడీ కూడా ఉంది. మార్చుకోగలిగిన నంబరు ఎప్పుడూ మేలు.

ఎవరి సొంత వాట్సాప్‌కో కార్డు ఫోటో పంపమంటే పంపకండి. ఆఫీసు మెయిలు అడగండి. బయట ప్రింటు తీయిస్తే, ఆ కంప్యూటర్‌లో మీ ఫైలు డిలీట్ చేయించాకే లేవండి, రీసైకిల్ బిన్‌తో సహా. ఒరిజినల్ ఉంచుకుంటామంటే రాతపూర్వక రసీదు లేకుండా వదలకండి.

4. వేలిముద్ర చివరి దారిగా ఉండాలి

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం. 2008లో జర్మనీలో బయోమెట్రిక్ పాస్‌పోర్టులను గట్టిగా సమర్థించిన హోంమంత్రి తాగిన గ్లాసు మీది వేలిముద్రను హ్యాకర్ల సంఘం ఒకటి సంపాదించి తమ పత్రికలో అచ్చేసింది. అది వేలికి అంటించుకునేలా పల్చటి పొర కూడా పత్రికతో పాటే ఇచ్చారు. మంత్రిగారిని ఆటపట్టించడమే అనుకున్నా, చెప్పదలచుకున్నది సూటిగానే చెప్పారు. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది రికార్డులు చూసే సంస్థలో చోరీ జరిగినప్పుడు 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. వాళ్లలో రహస్య ఉద్యోగాలు చేసేవాళ్లూ ఉన్నారు. అంత పెద్ద సర్కారే కాపాడుకోలేకపోయింది.

అందువల్ల ఓటీపీ, పిన్, కార్డు లాంటి వేరే దారి ఉన్న చోట అదే అడగండి. బయోమెట్రిక్ లాక్ చేసుకునే సౌకర్యం ఉంటే లాక్ చేసి, అవసరమైన రోజు తెరవండి. వేలు పెట్టాక "పడలేదు, మళ్లీ పెట్టండి" అన్నారనుకోండి, ముందు స్క్రీన్ చూడండి. మొదటిసారి పడిందో లేదో, పడితే దేనికి పడిందో తెలియకుండా రెండోసారి పెట్టొద్దు.

5. జేబులోని ఫోన్ సంగతి

కార్డు అయితే అడిగితేనే చూపిస్తాం. ఫోన్ మాత్రం ఎవరూ అడక్కుండానే రోజంతా మన గురించి చెప్తూనే ఉంటుంది. మాటలు వినడం ఒక ఎత్తు. ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కణ్ణుంచి మాట్లాడారన్న మెటాడేటా ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ చెప్తుందని నా అభిప్రాయం. రాత్రి పదకొండింటికి క్యాన్సర్ డాక్టరుకు, ఆ వెంటనే అన్నయ్యకు, పొద్దున్నే ఇన్సూరెన్స్ ఆఫీసుకు కాల్ వెళ్లిందంటే, మాటలు వినాల్సిన పనేముంది?

2013లో, అమెరికా నిఘా సంస్థల్లో పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల్లో మొదట సంచలనమైనది ఇదే. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ తమ దేశ ప్రజల కాల్ వివరాలను గంపగుత్తగా సేకరిస్తోందని తేలింది. ఉగ్రవాదాన్ని ఆపడానికేనని ప్రభుత్వం సమర్థించుకుంది. అక్కడి ప్రభుత్వమే నియమించిన పర్యవేక్షణ బోర్డు 2014 జనవరిలో ఇచ్చిన నివేదికలో, దేశానికి ముప్పున్న కేసుల్లో ఆ కాల్ రికార్డుల వల్ల దర్యాప్తు ఫలితం మారిన సందర్భం ఒక్కటి కూడా తమకు కనపడలేదని రాసింది. 2015లో చట్టం మార్చి ఆ సేకరణను ఆపేశారు. భద్రతా, స్వేచ్ఛా అని తక్కెడ పట్టుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే: ఒక పళ్లెంలోంచి తీసింది రెండో పళ్లెంలో నిజంగా పడిందా?

లొకేషన్ ఇంకా సున్నితం. పేరు తీసేశాం కదా అంటారు. 15 లక్షల మంది ఫోన్ల కదలికలను పదిహేను నెలల పాటు చూసిన పరిశోధకులు, ఎక్కడ ఏ గంటకు ఉన్నారో తెలిపే నాలుగు బిందువులు చాలు, 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని 2013లో చూపించారు. రాత్రి ఉండే చోటు, పగలు ఉండే చోటు తెలిస్తే ఇక పేరెందుకు? అమెరికాలో ఒక దోపిడీ కేసులో పోలీసులు నిందితుడి ఫోన్ 127 రోజుల్లో ఎక్కడెక్కడ ఉందో 12,898 టవర్ నమోదులు తీసుకున్నారు. వారెంట్ లేకుండా అలా తీసుకోవడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది.

ఇప్పుడు చేతిలో పని. సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ అనుమతి ఏ యాప్‌లకు ఉందో చూడండి. మ్యాప్ లాంటి వాటికి "వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టి, తక్కినవాటికి తీసేయండి. టార్చిలైట్ యాప్‌కు మీరెక్కడున్నారో ఎందుకు? లొకేషన్ హిస్టరీ ఆపి, పాతది చెరిపేయండి. ఇంత చేసినా మీ సిమ్ మీ పేరున ఉన్నంతకాలం, ఫోన్ సిగ్నల్ అందుకుంటున్నంతసేపూ అది ఏ టవర్ కింద ఉందో ఫోన్ కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. కాల్స్ వస్తూ ఉండగానే దాన్ని ఆపే సెట్టింగ్ లేదు. ఎవరైనా ఉందని చెప్తే నమ్మొద్దు.

మెసేజ్‌లకు మాత్రం మంచి దారి ఉంది. 2016లో అమెరికా అధికారులు సిగ్నల్ యాప్‌ను కోర్టు ద్వారా రెండు ఫోన్ నంబర్ల వివరాలు అడిగారు. వాటిలో ఒకదానికే సిగ్నల్ ఖాతా ఉంది. ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయింది, ఈ రెండు తప్ప ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. వాళ్లు ఎదిరించారని కాదు, అసలు దాచుకోలేదు కాబట్టి. యాప్ ఎంచుకునేటప్పుడు "వీళ్లు మంచివాళ్లా" అని చూడకండి. వీళ్ల దగ్గర ఏం పోగుపడుతుందో చూడండి. ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేని తాళం) ఉన్న యాప్ వాడుతూ బ్యాకప్ మాత్రం తాళం లేకుండా క్లౌడ్‌లో పెడితే ముందు తలుపు వేసి దొడ్డితలుపు తీసినట్టే, అదీ చూసుకోండి.

సరిహద్దు దాటేటప్పుడు, తనిఖీ ఉంటుందని తెలిసినప్పుడు ఫోన్ పూర్తిగా ఆఫ్ చేసి పెట్టండి. మళ్లీ ఆన్ చేసి పాస్‌కోడ్ కొట్టేదాకా లోపలి సమాచారం చాలామటుకు గట్టి తాళంలో ఉంటుంది, ముఖమో వేలో చూపిస్తే తెరుచుకోదు. కానీ పాస్‌కోడ్ చెప్పమని అధికారులు అడిగితే చెప్పాలా వద్దా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బ్రిటన్‌లో చట్టప్రకారం నోటీసు ఇచ్చాక చెప్పకపోవడం జైలుశిక్ష పడే నేరం. అందుకే నేను దాచే ఉపాయాలు ఎక్కువ చెప్పను. ప్రయాణానికి అక్కర్లేనిది ఫోన్లో లేకుండా చూసుకోండి, అంతే.

6. మీకు ఎంత జాగ్రత్త కావాలో మీరే తేల్చుకోండి

సోర్సులను కాపాడాల్సిన విలేఖరికీ, కొట్టే మొగుణ్ణుంచి తప్పించుకున్న ఆడమనిషికీ, మామూలుగా ఉద్యోగం చేసుకునేవాళ్లకీ ఒకటే కొలత పనికిరాదు. నా వివరం ఎవరికి చేరితే నాకు నష్టం, ఎంత నష్టం, ఈ రెండూ కాగితం మీద రాసుకోండి. మామూలు మనిషి అయితే పై ఐదూ చేస్తే చాలావరకు చాలు. మొదటి రెండు రకాలవాళ్లయితే తెలిసిన లాయర్‌తో ముందే మాట్లాడుకోండి.

7. మీ ఫైలు మీరు చూడండి, పనయ్యాక తీసేయమనండి

ఇంతవరకు చెప్పింది ఇవ్వబోయేవాటి గురించి. ఇప్పటికే ఇచ్చేసినవాటి సంగతి ఇక్కడ. ఎస్టోనియాలో పౌరులు తమ రికార్డులను ఏ ప్రభుత్వ శాఖ ఎప్పుడు చూసిందో ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇది, ప్రభుత్వం మనల్ని చూస్తే మనమూ ప్రభుత్వాన్ని చూస్తున్నాం. యూరప్‌లో డేటా రక్షణ చట్టం ప్రకారం మీ గురించి ఏముందో అడిగితే మామూలుగా నెలలోగా జవాబివ్వాలి. అమెరికాలో 1974 నాటి ప్రైవసీ చట్టం ఉంది. భారతదేశంలో ఆధార్‌ను ఎవరెవరు ఎప్పుడు సరిచూశారో హిస్టరీలో కనపడుతుంది, మీ సొంత ఫైలు కాపీ కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు.

ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు. "ఫలానా తేదీన ఫలానా పని కోసం నా గుర్తింపు పత్రం కాపీ ఇచ్చాను. నా గురించి మీ దగ్గర ఏ వివరాలున్నాయి, ఎవరికి ఇచ్చారు, ఎన్నాళ్లు ఉంచుతారు తెలియజేయగలరు" అని రాస్తే చాలు. జవాబు రాగానే ముందు తప్పులు చూడండి. పేరులో ఒక అక్షరం తప్పో, పుట్టినతేదీ తేడానో ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. ఇంకొకరి పేరున ఉన్న కేసు మీ ఖాతాలో పడేది ఇలాంటి చోట్లే.

పని అయిపోయిన కాపీని తీసేయమని రెండో ఉత్తరం పెట్టండి. పన్ను, కోర్టు లాంటి వాటికి ఇన్నేళ్లు ఉంచాలన్న రూలు ఉంటుంది, అవి తీయరు. తక్కినవి తీయొచ్చు. ప్రభుత్వం తల్చుకుంటే తీసేయడం ఎంత సులువో బ్రిటన్‌లో చూశాం. 2006లో తెచ్చిన గుర్తింపు కార్డుల చట్టాన్ని 2010లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. 2011 ఫిబ్రవరిలో ఆ రిజిస్టరు ఉన్న హార్డ్ డిస్కులను మంత్రి స్వయంగా మిషన్లో పడేసి ముక్కలు చేయించాడు, కెమెరాల ముందు. మీకు అంత హంగామా అవసరం లేదు. "తొలగించాం" అని సంతకం, తేదీ ఉన్న ఒక కాగితం అడిగి తీసుకోండి. ఆ కాగితం వెనక వైపు ఖాళీగా ఉందో లేదో కూడా ఒకసారి తిప్పి చూడండి.